ఐస్ వెడ్జ్ పెరుగుతోందా, కరుగుతోందా? ఎలా తెలుసుకోవాలి?

వరుసగా రెండేళ్లు, అంతకు మించి 0 డిగ్రీల సెల్సియస్ దాటని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. దాని పైన వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ గడ్డకట్టే పొర యాక్టివ్ లేయర్. ఐస్ వెడ్జ్ అంటే పర్మాఫ్రాస్ట్‌లోకి నిలువుగా దిగి ఉండే మేకు ఆకారపు మంచుగడ్డ. దాని తల, అంటే పైభాగం, యాక్టివ్ లేయర్‌కు దిగువన దాగి ఉంటుంది. అందుకే అలస్కా ఉత్తర తీరంలోనైనా, రష్యాలోని యాకూతియాలోనైనా దాని పరిస్థితిని నేల మీది గుర్తులను బట్టే అంచనా కట్టాలి.

ముందు అది పుట్టే తీరు తెలియాలి

గడ్డకట్టిన నేల చలి ముదిరేకొద్దీ కుంచించుకుపోతుంది. మంచుగడ్డ లెక్కన చూస్తే 20 మీటర్ల పొడవు 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 సెంటీమీటరు తగ్గుతుంది. ఆ లాగుడు తట్టుకోలేక నేల ఎండిన చెరువు అడుగులా నెర్రెలు వారుతుంది. కాకపోతే ఈ నెర్రెలు మీటర్ల లోతుకు దిగుతాయి. వసంతంలో కరిగిన మంచునీరు వాటిలోకి జారి, అడుగున చలికి గడ్డకడుతుంది. అలా మిల్లీమీటర్ల మందంలో ఒక మంచు పొర నిలువుగా ఏర్పడుతుంది. తర్వాతి నెర్రె సాధారణంగా ఆ బలహీనమైన చోటే పడుతుంది. వందల, వేల ఏళ్లపాటు ఇలా పొర మీద పొర చేరి, పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే వెడ్జ్ తయారవుతుంది. 1915లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త లెఫింగ్‌వెల్ ఉత్తర అలస్కా పరిశీలనలతో వివరించిన క్రమం ఇదే.

1. గళ్ల ఆకారం చూడండి

పైనుంచి తీసిన ఫొటోలో 10–30 మీటర్ల బహుభుజి గళ్లు కనిపిస్తాయి. గళ్ల మధ్య ఉన్న కాలువల కిందే వెడ్జ్‌లు ఉంటాయి. గడి మధ్య పల్లంగా ఉండి, కాలువకు రెండు వైపులా గట్లు లేచి ఉంటే వెడ్జ్ చెక్కుచెదరలేదనుకోవచ్చు. నెర్రె చోటును మంచు ఆక్రమించేసింది కాబట్టి వేసవిలో వ్యాకోచించే మట్టి పక్కలకు, పైకి నెట్టుకొస్తుంది; గట్లు అందుకే లేస్తాయి. కాలువలు కుంగి గడి మధ్య ఎత్తుగా మిగిలితే, చాలాసార్లు వెడ్జ్ తల కరిగిందని అర్థం. ఫొటో ఒక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వకండి; పీట్ (సగం కుళ్లిన నాచు, మొక్కల పొర) పేరుకున్నా గడి మధ్య ఎత్తవుతుంది.

2. రక్షణ పొర కొలవండి

ఇదే అన్నిటికన్నా విలువైన కొలత. కరుగు లోతు గరిష్ఠానికి చేరే ఆగస్టు చివర్లో, 1 సెంటీమీటరు మందం, మీటరుకు పైగా పొడవున్న ఉక్కు కడ్డీని కాలువకు అడ్డంగా 20 సెంటీమీటర్లకొకసారి దించండి. కడ్డీ ఆగిన చోటు గడ్డకట్టిన నేల పైభాగం మాత్రమే, వెడ్జ్ కాదు. రాయి తగిలినా అలాగే ఆగుతుంది కాబట్టి పక్కనే మరోసారి దించి చూడండి. వెడ్జ్ ఎంత లోతులో ఉందో తెలియాలంటే కోర్ డ్రిల్ (నేలను గొట్టంలా తొలిచి నమూనా తీసే పరికరం) వాడాలి.

ఈ రెండు లోతుల మధ్య ఉండే గడ్డమట్టే రక్షణ పొర. అది 10–20 సెంటీమీటర్లు ఉంటే, ఒక వేడి వేసవిని తట్టుకునే అవకాశం ఉంది. ఆ మట్టిలో మంచు ఎక్కువగా ఉంటే ఇంకా మంచిది. అది కరగడానికి చాలా వేడి ఖర్చవుతుంది. తేడా ఏమీ లేకపోతే కరుగుదల వెడ్జ్‌ను తాకినట్టే. తీసిన నాచును, మట్టిని ఉన్న వరసలోనే తిరిగి పెట్టండి. లేదంటే ఆ గుంటే కరుగుదలకు దారి తీస్తుంది.

3. ఈ చలికాలం పగిలిందా?

చలికాలానికి ముందే సన్నని తీగను కాలువకు అడ్డంగా బిగించి పాతండి. అది తెగితే నెర్రె పడినట్టే. తెగకపోతే వెడ్జ్ చచ్చిపోయిందనుకోకండి. దట్టమైన మంచు దుప్పటి నేలను వెచ్చగా ఉంచి పగలనివ్వదు. కెనడాలోని గ్యారీ దీవిలో ఆ దేశ భూగోళ శాస్త్రవేత్త జె. రాస్ మెకే ఏళ్ల తరబడి చూసినదీ ఇదే: అన్ని వెడ్జ్‌లూ ఏటా పగలవు. కాబట్టి వెడల్పును ఒక పొర మందంతో భాగించి వయసు చెప్పడం తప్పు; వచ్చేది పగుళ్ల సంఖ్యే.

4. నదో సముద్రమో కోసిన ఒడ్డు గట్టు దొరికితే

నిలువు చారలు, బుడగలు, మట్టి గీతలు ఉంటే అది వెడ్జ్. అడ్డంగా పరుచుకున్న పలుచని పొరలైతే వేరే రకం మంచు. తల బల్లపరుపుగా ఉంటే ఎప్పుడో కరుగుదల కోసేసిందన్నమాట. దాని మీద సన్నని కొత్త మొన లేచి ఉంటే పెరుగుదల మళ్లీ మొదలైంది.

గట్టు వెడ్జ్‌ను ఏటవాలుగా కోస్తే అది ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. వెడ్జ్ వరసకు, గట్టుకు మధ్య కోణం 30 డిగ్రీలైతే కనబడే 4 మీటర్లలో అసలు వెడల్పు 2 మీటర్లే. అలలు అడుగును తొలిచిన గట్టు మాత్రం వెడ్జ్ వెంబడే దిమ్మెలుగా విరిగిపడుతుంది; దాని కిందికి వెళ్లొద్దు.

5. నీటిని గమనించండి

కరుగుదల తరచూ కాలువలు కలిసే కూడళ్లలో గుంటలుగా మొదలవుతుంది. అక్కడ నిలిచిన నీరు ఎండను పీల్చుకుంటుంది, చలికాలంలో నేలను త్వరగా చల్లబడనివ్వదు. అంచుల్లో మట్టి పెళ్లలు కాలువకు సమాంతరంగా చీలుతుంటే కరుగుదల ముదిరింది. అయినా సమతల నేలలో నాచు, తుంగ పెరిగి కాలువను పూడిస్తే వెడ్జ్ మళ్లీ నిలదొక్కుకోగలదు. వాలు నేలలో నీరు వెడ్జ్ వెంట పారడం మొదలైతే మాత్రం కొద్ది కాలంలోనే గండి పడుతుంది. వాహనాల జాడలు ఇలాంటి పారుదలకు దారి తీస్తాయి, వాటిని ముందు చూడండి.

ఏటా అదే వారంలో, అవే బిందువుల్లో కొలవండి. గుర్తు కడ్డీలను పర్మాఫ్రాస్ట్‌లోకి లోతుగా దించాలి. యాక్టివ్ లేయర్‌లో పాతితే గడ్డకట్టే మట్టి వాటిని పైకి లేపి కొలతలను పాడుచేస్తుంది.