మెయిల్ సర్వర్ ఓఎస్ మార్చే ముందు జాగ్రత్తలు

మన బెంగళూరు ఆఫీసు మెయిల్ సర్వర్ ఇంకా సెంటాస్ 7 అనే లైనక్స్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మీదే ఉంటే మార్చాలా వద్దా అని చర్చ అక్కర్లేదు. 2024 జూన్ 30తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని బదులు వాడదగ్గ ఆల్మాలైనక్స్ 9 లేదా రాకీ లైనక్స్ 9కి 2032 మే దాకా సపోర్ట్ ఉంది. డెబియన్ 12 (ఇదీ ఒక లైనక్స్ ఓఎస్సే) మీద బాగా నడుస్తున్న సర్వర్‌ని మాత్రం ఊరికే కదపకండి.

మార్చాలని తేలితే:

• బ్యాకప్ తీస్తే చాలదు. వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ఎవరిదైనా మెయిల్‌బాక్స్ వాళ్ల అనుమతితో తెరిచి చూడండి. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (మెయిల్‌బాక్స్‌లు చూపించే ప్రోగ్రామ్) సెట్టింగులు, డీకిమ్ ప్రైవేట్ కీ (మెయిల్ మనదేనని చూపే డిజిటల్ సంతకానికి వాడే రహస్య కీ), క్యూలో ఆగిన మెయిల్స్ కూడా బ్యాకప్‌లో ఉండాలి. డీకిమ్ కీని చాలామంది మర్చిపోతారు.

• పాత సర్వర్‌ని చెరపకండి. కొత్తదాన్ని దాని పక్కనే విడిగా సిద్ధం చేయండి.

• సర్వర్ ఐపీ అడ్రస్ మారుతుంటే ముందు రోజే డీఎన్ఎస్ టీటీఎల్‌ని (పాత అడ్రస్‌ని మిగతా సర్వర్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. ఎస్‌పీఎఫ్ (మన పేరుతో మెయిల్ పంపే సర్వర్ల జాబితా) మనమే మార్చుకోవచ్చు. రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి సర్వర్ పేరు చెప్పే రికార్డు) మాత్రం సాధారణంగా ఐపీ ఇచ్చిన ప్రొవైడర్ చేతిలో ఉంటుంది, ముందే అడగండి. లేదంటే మన ఇన్‌వాయిస్‌లు క్లయింట్ల స్పామ్‌లో పడతాయి.

• మార్పు పని శనివారం రాత్రి పెట్టుకోండి. జీఎస్టీ రిటర్న్ హడావుడిలో వద్దు, అకౌంట్స్ వాళ్లను ఇబ్బంది పెట్టడం న్యాయం కాదు.

• కాసేపు సర్వర్ ఆగినా బయటి నుంచి వచ్చే మెయిల్స్ మాయమైపోవు. పంపే సర్వర్లు మళ్లీ ప్రయత్నిస్తాయి, పోస్ట్‌ఫిక్స్ అయితే డిఫాల్ట్‌గా 5 రోజులు. టెన్షన్‌తో టెస్టింగ్ సగంలో వదిలేసి పోర్ట్ 25 (బయటి మెయిల్స్ సర్వర్‌లోకి వచ్చే దారి) తెరవకండి.