కొలతల పక్కన కల్పన: సౌరేతర గ్రహాన్ని వర్ణించే విధానం

సౌరేతర గ్రహాన్ని, అంటే సూర్యుడి చుట్టూ కాక వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని, వర్ణించదలచినవారు ముందుగా దాని కొలతలను పట్టికగా రాసుకుని, ప్రతి అంకె పక్కనా అది ఏ పద్ధతిలో తెలిసిందో నమోదు చేసుకోవాలి. ఊహకు ఎంత చోటుందో తేల్చేది ఆ పద్ధతే. గ్రహం తన నక్షత్రానికి అడ్డుగా సాగే ట్రాన్సిట్ సమయంలో తగ్గే వెలుగు వ్యాసార్ధాన్ని తెలుపుతుంది. గ్రహం ఆకర్షణకు నక్షత్రం ఊగే తీరు ద్రవ్యరాశిని, అదీ సాధారణంగా కనీస విలువను మాత్రమే, తెలుపుతుంది. 2016లో ప్రకటించిన ప్రాక్సిమా సెంటారీ బి గ్రహం విషయంలో ఈ రెండోదే లభించింది. వ్యాసార్ధం కొలవలేదు కనుక దాని నేలమీద మన బరువెంతో రాస్తే అది ఊహే.

అందుకే మొదటి ప్రయత్నానికి ట్రాపిస్ట్-1ఇ మేలని నా అభిప్రాయం. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గ్రహం వ్యాసార్ధం భూమిలో 0.92 వంతు, తోటి గ్రహాల ఆకర్షణ వల్ల ట్రాన్సిట్ వేళల్లో వచ్చే తేడాలనుబట్టి ద్రవ్యరాశి 0.69 వంతని తేలింది. దాని ఏడాది మన 6.1 రోజులు.

ఇక లెక్క కట్టాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇది, ఎందుకంటే ఊహ అనుకున్నవెన్నో ఇక్కడ గణితంగానే దొరుకుతాయి. ద్రవ్యరాశిని వ్యాసార్ధపు వర్గంతో భాగిస్తే ఉపరితల గురుత్వం భూమిలో 0.82 వంతు వస్తుంది. నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిలో 0.12 వంతే అయినా, గ్రహం దానికి భూమి-సూర్యుల దూరంలో 0.029 వంతు దూరంలోనే ఉంది కనుక, గ్రహం ఆకాశంలో ఆ నక్షత్రం మన సూర్యుడికి నాలుగు రెట్ల వెడల్పున కనిపించాలి. పక్క కక్ష్యల్లోని డి, ఎఫ్ గ్రహాలు బాగా దగ్గరకు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ మన పున్నమి చంద్రుడంత వెడల్పున కనిపిస్తాయి.

ఉష్ణోగ్రత దగ్గర జాగ్రత్త అవసరం. పట్టికల్లో ఇచ్చే సమతౌల్య ఉష్ణోగ్రత, అంటే నక్షత్రం నుంచి అందే వెలుగునుబట్టి లెక్కకట్టిన ఉష్ణోగ్రత, వాతావరణపు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోదు. భూమికే అది దాదాపు మైనస్ 18 డిగ్రీలు, నేలమీది వాస్తవ సగటు 15 డిగ్రీలు.

కల్పనను వేరే పేరాలో, కల్పన అని ముందే చెప్పి, ఇలా రాయవచ్చు: “కదలని ఎర్రని పొద్దు కింద సముద్రం సగం గడ్డకట్టి ఉంది, దిగంతం మీద చంద్రుడంత గ్రహాలు రెండు నిలిచాయి.” ఇందులో ఆ రెండు గ్రహాల పరిమాణం లెక్కనుంచి వచ్చింది, కదలని పొద్దు గ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపుతుందన్న బలమైన అంచనానుంచి వచ్చింది, సముద్రం పూర్తిగా కల్పితం. ఈ మూడింటినీ పేరా కింద విడివిడిగా పేర్కొనాలి.

ఈ విభజన లేకపోతే పొరపాట్లు స్థిరపడతాయి. హెచ్‌డీ 189733 బి అనే సౌరేతర గ్రహం నీలం రంగును 2013లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనల ఆధారంగా ప్రకటించారు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు నీలికాంతి తగ్గడమే అందుకు ఆధారం. అక్కడ గాజు వాన కురుస్తుందన్నది మాత్రం అనుమితి. రెంటినీ ఒకే వాక్యంలో, ఒకే నిశ్చయంతో రాయకూడదు.