క్లౌడ్ కాపలా, 4వ పాఠం: లాగ్ చదవడం

పోయిన పాఠంలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) అకౌంటు తెరిచి, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కి ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో తనిఖీ) పెట్టి, రోజువారీ పనికి వేరే యూజర్‌ని చేసుకున్నాం. అది చేయనివాళ్లు ముందు ఆ పని ముగించండి. ఇవాళ అదే అకౌంటు కావాలి.

ఉదాహరణకి పాత కంపెనీనే తీసుకుందాం. తిరుపతి బస్టాండు దగ్గర ఆఫీసు, కొండకు వచ్చేవాళ్లకు లాడ్జీల్లో గదులు బుక్ చేయడం దాని పని. యాత్రికులు ఫోన్లో పంపిన ఆధార్ ఫొటోలన్నీ ఒక ఎస్3 బకెట్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోట ఉంటాయి. మనం కాపలా కాయాల్సింది వాటిని.

లాడ్జీ కౌంటర్లో రిజిస్టర్ ఉంటుంది కదా: ఎవరు, ఏ ఊరు, ఎన్ని గంటలకు వచ్చారు. ఏడబ్ల్యూఎస్‌లో క్లౌడ్‌ట్రెయిల్ అనే సేవ చేసేదీ అదే. అకౌంటులో ఎవరు ఏ సెట్టింగ్ ముట్టుకున్నా ఒక రికార్డు రాస్తుంది. ఆ రికార్డుల వరసే లాగ్. రికార్డు పొడుగ్గా ఉందని కంగారు పడకండి. మొదట నాలుగు చోట్ల చూస్తే చాలు: యూజర్ ఐడెంటిటీ (ఎవరు), ఈవెంట్ నేమ్ (ఏం చేశారు), సోర్స్ ఐపీ అడ్రస్ (ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి), ఈవెంట్ టైమ్ (ఎప్పుడు).

వీటిలో టైమ్ దగ్గరే కొత్తవాళ్లు పొరబడతారు. రికార్డు లోపల సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. 20:40 అని కనపడితే రాత్రి ఎనిమిదిన్నర దాటింది, ఆఫీసులో ఎవరో పని చేసుకుంటున్నారులే అని వదిలేస్తాం. నిజానికి అది మర్నాడు తెల్లవారుజామున 2:10.

అలాగని 2:10కి లాగిన్ అయితే దొంగే అనుకోకూడదు. వేరే ఊళ్లో ఆఫీసు వేళల తర్వాత వచ్చే ప్రతి లాగిన్‌కీ అలర్ట్ పెట్టుకోవచ్చేమో, తిరుపతిలో ఆ రూల్ పనికిరాదు. ఇక్కడ రాత్రంతా బస్సులు దిగుతూనే ఉంటాయి, నైట్ షిఫ్ట్ ఉంటుంది. రోజూ తప్పుడు అలర్ట్ మోగితే వారంలోనే చూడటం మానేస్తారు. అందుకే టైమ్ ఒక్కటే కాదు, చేసిన పని ఏమిటో కూడా కలిపి చూడాలి. నైట్ షిఫ్ట్ అబ్బాయి బుకింగ్ చూస్తే సహజం. అదే యూజర్ పేరుతో బకెట్ పాలసీ (బకెట్‌ను ఎవరు తెరవొచ్చో చెప్పే నియమాలు) మారిందంటే వెంటనే ఫోన్ చేసి అడగాలి. స్టాప్‌లాగింగ్ అనే ఈవెంట్ కనిపిస్తే ఎవరో రికార్డు రాయడాన్నే ఆపేశారని అర్థం. అది ఒక్కసారి వచ్చినా నిద్ర లేపే అలర్ట్ పెట్టండి.

ఇంకో చిక్కు ఉంది. ఆధార్ ఫొటోను ఎవరు తెరిచి చూశారన్నది మామూలుగా రికార్డు కాదు. దాన్ని డేటా ఈవెంట్ అంటారు. విడిగా ఆన్ చేయాలి, డబ్బు కూడా అవుతుంది. నా మాట వినండి, అన్ని బకెట్లకూ అక్కర్లేదు కానీ ఆధార్ ఉన్న బకెట్‌కి తప్పకుండా పెట్టండి.

ఇక చట్టం సంగతి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఆ ఆదేశాల్లో ఇచ్చిన జాబితాలోని సైబర్ ఘటన ఏదైనా జరిగినట్టు తెలిస్తే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలి. క్లౌడ్‌ట్రెయిల్ ఊరికే చూపించే ఈవెంట్ హిస్టరీ 90 రోజులదే. అంటే ఏమీ చేయకుండా కూర్చుంటే సగం కాలానికి మన దగ్గర లెక్కే ఉండదు. అందుకే ట్రెయిల్ (రికార్డులను ఎప్పటికప్పుడు బకెట్‌కి పంపే ఏర్పాటు) ఒకటి సృష్టించి వాటిని ఎస్3లో దాచాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించక డేటా బయటికి పోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా రాశారు.

సెక్యూరిటీ హబ్, ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ లాంటి ఏడబ్ల్యూఎస్ టూల్స్ మన సెట్టింగులను సీఐఎస్ (భద్రతా ప్రమాణాలు తయారు చేసే సంస్థ) ప్రమాణాలతో పోల్చి పాస్, ఫెయిల్ చెబుతాయి. ఆడిటర్‌కి చూపించడానికి చాలా ఉపయోగం. కానీ స్కోరు బాగుందని లాగ్ చూడటం ఆపకండి. అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి 2019 మార్చిలో 10 కోట్లమందికి పైగా జనం వివరాలు పోయాయి. బ్యాంకుకు తెలిసింది జులై 17న, అదీ బయటి మనిషి ఈమెయిల్ పంపితే. తర్వాత వెతికితే ఆ చొరబాటు ఆనవాళ్లు లాగ్‌లలోనే ఉన్నాయి. కాబట్టి ఏ టూల్ కొనేముందైనా, అలర్ట్ వస్తే చూసేది ఎవరో, వాళ్లు సెలవులో ఉంటే ఇంకెవరో కాగితం మీద రాయించండి. బ్రహ్మోత్సవాల వారానికి వేరే పేర్లు కావాలి, అప్పుడు అందరూ కౌంటర్లలోనే ఉంటారు.

అభ్యాసం: ట్రెయిల్ ఒకటి పెట్టండి. తర్వాత మీ యూజర్‌తో కావాలని తప్పు పాస్‌వర్డ్ కొట్టండి. పావుగంట ఆగి క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీలో కన్సోల్‌లాగిన్ అనే ఈవెంట్ వెతకండి. ముంబై రీజియన్‌లో (రీజియన్ అంటే ఏడబ్ల్యూఎస్ సర్వర్లు ఉండే ప్రాంతం) కనపడకపోతే నార్త్ వర్జీనియాలో చూడండి. అందులో సోర్స్ ఐపీ మీదేనా, టైమ్‌కి ఐదున్నర గంటలు కలిపితే సరిపోయిందా చూసి నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఆ రికార్డుతోనే మొదటి అలర్ట్ తయారు చేద్దాం.