మన గుట్టలెక్కడానికి ఏ షూ కొనాలి?

ఉగాది దాటిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పున్నమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు పోతున్నం, ఏ షూ కొనాలె?" అని ఒకరు, "పిల్లలతో భువనగిరి ఖిల్లా ఎక్కుతం, ఇంట్లో ఉన్న స్పోర్ట్స్ షూ సరిపోతదా?" అని ఇంకొకరు. నేను ముందు అడిగేది బ్రాండ్ కాదు, బడ్జెట్ కూడా కాదు, కాలి కింద ఏ నేల ఉండబోతోంది అని. ఎందుకంటే వీడియోల్లో హిమాలయాల ట్రెక్కింగ్ చూసి, చీలమండ పైదాకా వచ్చే బరువైన వాటర్‌ప్రూఫ్ బూట్లు వేలకు వేలు పెట్టి కొని, ఏప్రిల్ ఎండలో నల్లమలలో సగం దారి నడిచేసరికి కాళ్ళు ఉడికిపోయి, వాటిని విప్పి చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళను కళ్ళారా చూశాను. ఆ బూట్లు చెడ్డవి కావు. మంచులో నడవడానికి, పదిహేను కిలోల బ్యాగు మోస్తూ రోజుల తరబడి తిరగడానికి చేసినవి. మన గుట్టల మీద ఆ అవసరం రాదు.

మరి మన నేల ఎలాంటిది? నల్గొండలో లతీఫ్ సాహెబ్ గుట్టైనా, దేవరకొండ, రాచకొండ ఖిల్లాలైనా, ఎక్కువ భాగం గ్రానైట్ బండ. బండ పొడిగా, శుభ్రంగా ఉంటే దాదాపు ఏ షూ అయినా పట్టుకుంటుంది. చిక్కంతా దాని మీద పరుచుకుని ఉండే గరుసుతోనే. ఎండకూ వానకూ బండ పొర రాలి జొన్న గింజలంత ముక్కలవుతుంది. ఏటవాలు బండ మీద ఆ గరుసు ఉన్నచోట అడుగు వేస్తే, జొన్నలు పారబోసిన గచ్చు మీద కాలు పెట్టినట్టే ఉంటుంది. వానాకాలంలో అయితే నీళ్ళు జారే చారల వెంట నల్లగా పాచి పడుతుంది, దాని మీద మాత్రం ఏ షూనూ నమ్మకండి, పక్కనుంచి పోండి. నల్లమల వేరే సంగతి. అక్కడ పలకలు పలకలుగా విడిపోయే రాళ్ళు, కాలు పెడితే కదిలే రాళ్ళు, ఆకుల కింద కనబడని రాళ్ళు. ఇక ముళ్ళంటారా, అవి అన్నిచోట్లా ఉన్నాయి.

అందుకే షూ చేతిలోకి తీసుకోగానే తిప్పి అడుగు చూడండి. అందరూ గమనించేది గాట్లు ఎంత లోతుగా ఉన్నాయని. లోతైన గాట్లు మట్టిలో, గడ్డిలో, మొరం దారిలో పనికొస్తాయి, నిజమే, కానీ బండ మీద పట్టు ఇచ్చేది గాట్లు కాదు, రబ్బరు. బండను ఎంత ఎక్కువ రబ్బరు తాకితే, ఆ రబ్బరు ఎంత మెత్తనైతే అంత పట్టు. గాట్లు బాగా లోతుగా, ఒక్కొక్కటి విడివిడి ముక్కల్లా ఉంటే బండను తాకేది ఆ ముక్కల కొసలు మాత్రమే. నా లెక్కన మన గుట్టలకు మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాట్లు, మధ్యలో కాస్త వెడల్పాటి ముక్కలు ఉన్న అడుగు సరైనది. రబ్బరు మెత్తనిదో కాదో తెలుసుకోవాలంటే బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తే మంచిది, గోరు ప్లాస్టిక్ మగ్గు మీద జారినట్టు జారిపోతే ఆ జత వదిలేయండి. మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. జారిపడి మోచేయి విరగ్గొట్టుకునే దానికంటే రెండేళ్ళకో జత మార్చడం నయం.

బండ మీద కాలు ఎలా పెట్టాలో కూడా చెప్పాలి, లేకపోతే షూ ఎంత మంచిదైనా దండగ. భయం వేస్తే మనం మునివేళ్ళ మీద నిలబడతాం, లేదా బండ వైపు వంగిపోతాం. రెండూ తప్పే. మడమ దించి, పాదం మొత్తం ఆనించి, ఒంటి బరువు సరిగ్గా పాదాల మీదే ఉండేలా నిటారుగా నిలబడాలి. ఈ సంగతి భువనగిరి బండ బాగా నేర్పుతుంది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా తర్ఫీదు మొదలుపెట్టింది ఈ భువనగిరి బండ మీదే.

ముళ్ళ గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే షూ కంపెనీల వాళ్ళు దీన్ని పట్టించుకోరు, మనకేమో ఇదే పెద్ద బాధ. సర్కారు తుమ్మ ముల్లు ఎండితే మేకులాగే ఉంటుంది. ఒకసారి రాచకొండలో మామూలు రన్నింగ్ షూతో తిరుగుతుంటే ఎడమ కాలి కింద ఏదో చురుక్కుమంది, ఆగి చూస్తే పైకి ఏమీ లేదు, మళ్ళీ నడిస్తే మళ్ళీ చురుక్కు. కూర్చుని షూ విప్పి, లోపలి అట్ట తీసి వేలితో తడిమితే అప్పుడు తగిలింది. బయటి రబ్బరు ముక్కల మధ్య సందులోంచి దూరి, నురగలా ఉండే మెత్తని పొరను దాటి, లోపలికి గోరంత పొడుచుకొచ్చిన ముల్లు. బయటి కొస విరిగిపోయింది కాబట్టి లాగడానికి దొరకదు, లోపలి నుంచి పట్టుకుంటే జారుతుంది. చివరికి పిన్నీసుతో చుట్టూ తవ్వి తీసేసరికి అరగంట పట్టింది. రన్నింగ్ షూ చాలావాటిలో అడుగంతా రబ్బరు ఉండదు, మధ్యలో నురగ బయటికే కనిపిస్తుంది, బరువు తగ్గించడానికి అలా చేస్తారు. కాబట్టి అడుగు మొత్తం మడమ నుంచి వేళ్ళ దాకా రబ్బరు కప్పి ఉందా లేదా చూడండి. కొన్ని ట్రైల్ షూలలో, అంటే మట్టి, రాళ్ళ దారుల్లో పరుగెత్తడానికి చేసిన వాటిలో, నురగకు కింద ఒక పలచని గట్టి పలక పెడతారు, రాక్ ప్లేట్ అంటారు, అది ఉంటే మరీ మంచిది. ముందు వేళ్ళ దగ్గర గట్టి రబ్బరు తొడుగు కూడా ఉండాలి, నల్లమల రాళ్ళకు బొటనవేలు కొట్టుకోని మనిషి లేడు.

ఇక రకాలు. ట్రైల్ రన్నింగ్ షూ ఒక్కొక్కటి సుమారు 300 గ్రాములు ఉంటుంది, గాలి ఆడుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. తక్కువ ఎత్తు హైకింగ్ షూ 400 గ్రాముల చుట్టుపక్కల, అడుగు కాస్త గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. చీలమండ కప్పే బూట్లు 500 గ్రాములు, ఆపైన. కాలికి వంద గ్రాములు పెరిగితే ఏమవుతుందిలే అనుకోకండి, పొద్దంతా వేల అడుగులు వేసే కాలు అది, సాయంత్రానికి తొడలు చెప్తాయి. పూటలో ఎక్కి దిగే గుట్టలకు, ఖిల్లాలకు నా ఓటు మొదటి రెండింటిలో ఏదో ఒకదానికి, వాటిలోనూ ముళ్ళు, రాళ్ళు ఎక్కువుండే దారైతే తక్కువ ఎత్తు హైకింగ్ షూకే. చీలమండ బూట్లు ఎవరికంటే, ఇంతకుముందు కాలు మడతపడి నరం పట్టేసిన వాళ్ళకు, బరువు మోసే వాళ్ళకు, వానల తర్వాత నడుము లోతు గడ్డిలో నడవాల్సిన వాళ్ళకు. గడ్డిలో పాము భయం ఉన్నచోట ఎత్తు బూటు, మందపాటి ప్యాంటు కొంత అడ్డం, అంతేగానీ కర్రతో ముందు నేల తడుతూ నడవడం మానొద్దు. కాన్వాస్ షూ తేలిక, చౌక, పొడి బండ మీద పట్టు కూడా బాగానే ఉంటుంది, కాకపోతే అడుగు పలచన కాబట్టి రాళ్ళ దారిలో గంటకే పాదం నొప్పి పెడుతుంది. పట్టీల శాండిల్ నీళ్ళు దాటడానికి బాగుంటుంది, ముళ్ళకూ గరుసుకూ పనికిరాదు. హవాయి చెప్పులతో ఎక్కడం సంగతి అడగనే అడగొద్దు.

వాటర్‌ప్రూఫ్ గురించి కచ్చితంగా చెప్తున్నా, మనకు వద్దు. గోర్-టెక్స్ లాంటి పొర బయటి తడిని ఆపుతుంది, చెమట ఆవిరిని మెల్లగా బయటికి వదులుతుంది, కానీ నలభై డిగ్రీల ఎండలో కాలు కార్చే చెమటకు ఆ మెల్లగా అన్నది చాలదు. పైగా వాగు దాటేటప్పుడు నీళ్ళు పైనుంచి లోపలికి పోయాయంటే బయటికి వచ్చే దారి ఉండదు, బిందెలో కాలు పెట్టుకుని నడిచినట్టే. జాలీ బట్ట ఉన్న షూ తడిస్తే తడుస్తుంది, గంటలో నడుస్తూనే ఆరిపోతుంది.

సైజు దగ్గర తొందరపడకండి. అన్ని లెక్కలూ సరిపోయినా సైజు కుదరకపోతే ఆ షూ మీది కాదు. షాపుకు సాయంత్రం పోండి, పొద్దంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, గుట్ట మీద ఉండేది ఆ పాదమే. ఎక్కేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకుని పోండి. రెండు కాళ్ళకూ తొడగండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది, ఆ పెద్దదాని లెక్కనే తీసుకోవాలి. లేసు బిగించాక వేళ్ళ ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. తర్వాత షాపులో మెట్లో, ఏటవాలు ర్యాంపో ఉంటే దాని మీద గబగబా దిగండి, లేదా షూ ముక్కును నేలకు రెండుసార్లు తన్నండి. వేళ్ళు ముందుకు పోయి తగిలితే గుట్ట దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడటం ఖాయం. ఎక్కేటప్పుడు ఏ షూ అయినా బాగానే ఉంటుంది, దాని బండారం బయటపడేది దిగేటప్పుడే, సలేశ్వరం లోయలోకి రాళ్ళ మీదుగా దిగినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మాట, చిన్నప్పటినుంచి ఒట్టి కాళ్ళతో, చెప్పులతో తిరిగిన పాదాలు వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉంటాయి. పొడవు సరిపోయి పక్కలు నొక్కుతుంటే పెద్ద సైజు అడగకండి, మడమ దగ్గర వదులైపోతుంది, వెడల్పు ఎక్కువున్న వేరే మోడల్ అడగండి.

మడమ లేస్తుంటే పై చివరి రంధ్రాల్లో లేసును అదే వైపు గుచ్చి చిన్న ఉచ్చులా వదిలి, ఎదుటి వైపు కొసను ఆ ఉచ్చులోంచి లాగి బిగించండి. పాదం వెనక్కి కుదురుకుంటుంది. దిగడం మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు ఆగి ఇలా బిగించుకుంటే చాలు, గోళ్ళు బతుకుతాయి. నూలు సాక్సు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడికి ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి, పాలిస్టర్ కలిసినవి కొంచెం మందంగా ఉన్నవి తీసుకోండి. ఎక్కడైనా వేడిగా, మంటగా అనిపించగానే ఆగి మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు అంటించండి, బొబ్బ వచ్చాక అంటిస్తే లాభం లేదు. కొత్త షూతో నేరుగా జాతరకు పోకండి, వారం పది రోజులు ఊళ్ళోనే నడవండి.

పాత షూ ఉంది కదా, ఎందుకు కొత్తది అనుకునేవాళ్ళకు నా అనుభవం చెప్తా. నాలుగేళ్ళ కింద కొని రెండుసార్లు వేసి, డబ్బాలోనే సజ్జ మీద పెట్టిన జత ఒకటి ఉండేది. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. దేవరకొండ ఖిల్లా దిగుతుంటే కుడి అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది, పది అడుగుల్లో వేళ్ళ దాకా ఊడి వేలాడింది. చేత్తో పట్టుకుంటే మధ్య పొర ఎండిన బెల్లంలా పొడిపొడిగా రాలింది. తువాలు చింపి కట్టుకుని కుంటుతూ దిగాను. తర్వాత తెలిసింది, పాలీయూరిథేన్ అనే పదార్థంతో చేసే మధ్య పొర గాలిలోని తేమకే ఏళ్ళ తరబడి విరిగిపోతుందట, వాడకుండా మూసిపెట్టినా ఆగదు. ఈవీఏ అనే ఇంకో రకం నురగతో చేసిన పొరకు ఈ తెగులు లేదు, అది నడిచిన కొద్దీ అణిగిపోతుంది అంతే. అందుకే పాత జతను బయలుదేరే ముందు రెండు చేతులతో బాగా వంచి చూడండి, మధ్య పొరలో పగుళ్ళు కనిపిస్తే గుట్టకు వద్దు.

జిగురుతో అంటించిన షూకి చుట్టూ కుట్టు వేయించడం మన దగ్గర పాత అలవాటు. అడుగు అంచు పైకి లేచి గిన్నెలా ఉన్న కాన్వాస్ షూకి నిక్షేపంగా వేయించండి. నురగ మందంగా ఉన్న ట్రైల్ షూకి మాత్రం వద్దు, సూది బెజ్జాలే తర్వాత చిరుగుతాయి. ఏ షూకి కుట్టు ఆగుతుందో చెప్పులు కుట్టే పెద్దమనిషిని అడిగితే చేతిలో పట్టుకోగానే చెప్తాడు, ఆయన మాట వినండి. కురుమూర్తి స్వామి జాతరలో చినవడ్డెమాన్‌లో చేసిన ఉద్దాలను, అంటే స్వామి పాదరక్షలను, ఊరేగింపుగా తీసుకెళ్ళి దండం పెట్టుకునే నేల ఇది, ఆ పని తెలిసిన చేతుల మీద నాకు ఏ షోరూం కుర్రాడి మీదా లేనంత నమ్మకం.

తిరిగొచ్చాక లోపలి అట్టలు బయటికి తీసి, షూలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు వదులుతుంది, కారు డిక్కీలో వదిలేసినా అంతే. సాక్సుకు అంటుకున్న ఉత్తరేణి ముళ్ళు ఒక్కొక్కటీ ఏరేయండి. ఇక బ్యాగులో ఎప్పుడూ ఒక జత పాత లేసులు, చిన్న టేపు చుట్ట, ఒక పిన్నీసు ఉంచుకోండి, దేవరకొండ నుంచి వచ్చినప్పటి నుంచి నా బ్యాగు ముందు జేబులో ఆ మూడూ అలాగే ఉన్నాయి.