ప్రార్థన నేర్చుకుందాం – నాలుగో పాఠం: సుంకరి ప్రార్థన

పోయిన పాఠంలో కృతజ్ఞత గురించి చెప్పుకున్నాం. పడుకునే ముందు దేవునికి స్తోత్రం చెప్పాల్సిన సంగతులు నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఈ రోజు ఆ నోట్‌బుక్‌తో పనుంది, దగ్గర పెట్టుకోండి. ముందు మాత్రం లూకా సువార్త 18వ అధ్యాయం, 9 నుంచి 14 వచనాలు పైకి చదవండి. నిదానంగా, రెండుసార్లు.

ఇది యేసు చెప్పిన కథ. ఇద్దరు ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లారు. ఒకడు పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుల వర్గంవాడు. ఇంకొకడు సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. సండే స్కూల్ నుంచి విన్న కథే కాబట్టి, పరిసయ్యుడు అనగానే వేషధారి అని తీర్పు చెప్పేసి ముందుకు పోతాం. ఇక్కడ కొంచెం ఆగండి. ఆయన అబద్ధం చెప్పాడని యేసు అనలేదు. ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్కటే, ప్రాయశ్చిత్త దినాన. ఈయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు. సంపాదన అంతటిలో పదో వంతు ఇస్తున్నాడు. ఇలాంటి మనిషి హన్మకొండలోనో జనగామలోనో మన సంఘంలో ఉంటే సంఘ పెద్దగా ఎన్నుకుంటాం.

ఆయన ప్రార్థన మొదలైంది కూడా కృతజ్ఞతతోనే. నాకు ఎక్కువ భయం పుట్టించేది ఇదే. స్తుతిగా మొదలైన ప్రార్థన అదే వాక్యంలో పక్కవాడి మీదికి పోయింది: ‘ఈ సుంకరివలెనైనను ఉండనందుకు’. నిలబడింది దేవుని ముందు, చూస్తున్నది సుంకరిని.

మన గృహ కూడికల్లో సాక్ష్యాలు వినండి. ‘చుట్టూ చేన్లన్నీ ఎండినా మా పత్తిని ప్రభువు నిలబెట్టాడు, స్తోత్రం’ అంటాం. ఆ స్తోత్రం నిజమైనదే. కానీ చేను ఎండినాయన కూడా అదే చాప మీద కూర్చుని వింటుంటాడు.

ఇప్పుడు నోట్‌బుక్ తెరవండి. ఇతరులతో పోలిక ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. దాన్ని కొట్టేయకుండా, పక్కనే తిరిగి రాయండి: ‘ప్రభువా, మా పత్తిని నిలబెట్టినందుకు స్తోత్రం. ఆ అన్న చేను ఎండింది, విత్తనాలకు తెచ్చిన అప్పు అట్లనే ఉంది. ఆయనకు సాయం చెయ్యి. నేనేం చెయ్యాలో చూపించు.’ పోలిక ఉన్న చోటికి విజ్ఞాపన, అంటే ఇంకొకరి కోసం చేసే ప్రార్థన వచ్చింది. చివరి మాట రాయడానికి చెయ్యి ఆడకపోవచ్చు, ఎందుకంటే దేవుడు నిజంగానే చూపిస్తే మన జేబు కదలాలి. అయినా రాయండి.

ఇక సుంకరి. రోమా పాలనలో పన్నులు వసూలు చేసేవాళ్లంటే సొంత జనానికే అసహ్యం. అతను దూరంగా నిలబడి, కళ్లెత్తే ధైర్యం లేక రొమ్ము కొట్టుకుంటూ అన్నది ఒక్క మాట: ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’. సాకు చెప్పలేదు. ఇకనుంచి మంచిగా ఉంటానని మాట కూడా ఇవ్వలేదు. దేవుడు కరుణించేవాడన్న నమ్మకం ఒక్కటే పట్టుకుని వచ్చాడు. నా దృష్టిలో ఈ అధ్యాయంలో ఇంతకన్నా గట్టి విశ్వాసం లేదు.

ఈ వారం అభ్యాసం ఆ ఒక్క వాక్యమే. సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర కాపలా ఉండేవాళ్లు గంటసేపు మోకరించలేకపోతున్నామని టెన్షన్ పడొద్దు. ఉన్నచోటనే చెప్పుకోండి. అయితే ‘పాపినైన’ అని ఊరికే అనకుండా, ఆ రోజు చేసింది పేరు పెట్టి చెప్పండి: ‘అత్తమ్మ మీద అరిచిన నన్ను కరుణించు’, ‘తూకంలో కోత పెట్టిన నన్ను కరుణించు’.

ఒక జాగ్రత్త. సుంకరి ఒప్పుకున్నది తన పాపం, ఇంకొకరిది కాదు. తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇంట్లో, వినయం పేరుతో ఆ తప్పును మీ నెత్తిన వేసుకోవద్దు చెల్లెమ్మా. దాన్ని దేవునికీ చెప్పండి, మీకు అండగా నిలబడే మనుషులకూ చెప్పండి.

తూకం మాట నోటితో ఒప్పుకున్నవాళ్లకు ఇంకో పని మిగిలింది. తర్వాతి అధ్యాయంలో జక్కయ్య కూడా సుంకరే. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. లూకా 19లో మొదటి పది వచనాలు చదివి, ఎవరికి ఎంత ఇవ్వాలో నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠం హన్నా ప్రార్థన. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం ముందే చదివి ఉంచండి.