కొలత పూర్తయిందో లేదో మీటర్‌నే అడగడం ఎలా?

కంప్యూటర్ నుంచి మల్టీమీటర్‌నో ఆసిలోస్కోప్‌నో నడిపే ప్రోగ్రామ్‌లలో తరచూ కనిపించేది ఇది: కమాండ్ పంపడం, రెండు సెకన్లు స్లీప్ పెట్టడం, రీడింగ్ అడగడం. దయచేసి ఇది మానేయండి. పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ తేడా కొట్టిందో పరికరమే చెబుతుంది. ఆ పద్ధతిని, కొలత పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడే తీరును నిర్దేశించే ఐఈఈఈ 488.2 ప్రమాణం 1987లోనే ఖరారు చేసింది. 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ (SCPI, ఇలాంటి పరికరాల ఉమ్మడి కమాండ్ భాష) కూడా దాని మీదే నిలబడింది.

ముందు *సీఎల్ఎస్ (*CLS) పంపండి. పాత ఈవెంట్లు, పాత ఎర్రర్లు పోతాయి. అయితే ఇంతకుముందు ఎవరైనా పెట్టిన మాస్క్‌లు (ఏ ఈవెంట్లకు కబురు రావాలో చెప్పే సెట్టింగ్‌లు) మాత్రం అలాగే ఉంటాయి, కాబట్టి వాటిని మీరే సెట్ చేయాలి.

తర్వాత *ఈఎస్ఈ 61 (*ESE 61) పంపండి, ఇది ఏ ఈవెంట్లను గమనించాలో చెప్పే మాస్క్. 61 అనేది ఈ అంకెల మొత్తం: 1 అంటే పని పూర్తి, 4 క్వెరీ తప్పు, 8 పరికరం లోపలి తప్పు, 16 అమలులో తప్పు, 32 కమాండ్ తప్పు. వీటిలో ఏది జరిగినా కబురు అందాలంటే *ఎస్ఆర్ఈ 32 (*SRE 32) కూడా పంపాలి.

ఇప్పుడు కొలత మొదలుపెట్టే కమాండ్, దాని వెనకే *ఓపీసీ (*OPC, పని పూర్తయ్యాక ఆ 1ని గుర్తు పెట్టమనే కమాండ్) పంపండి. ఇక సీరియల్ పోల్‌తో (పరికరానికి కమాండ్ పంపకుండానే దాని స్థితిని చదివే పద్ధతి) స్టేటస్ బైట్, అంటే స్థితిని చెప్పే సంఖ్య, చూస్తూ ఉండండి. 96 కనిపిస్తే, అంటే 64, 32 కలిసి వస్తే, ఏదో జరిగినట్టు. ఈ లూప్‌కు గరిష్ఠ సమయం తప్పకుండా పెట్టండి.

అసలు సంగతి, జరిగిన ఈవెంట్లను నమోదు చేసే రిజిస్టర్‌ను చదివే *ఈఎస్ఆర్? (*ESR?) అడిగినప్పుడు తెలుస్తుంది. 1 వస్తే రీడింగ్ తీసుకోవచ్చు. 33 వస్తే? పని పూర్తి, కమాండ్ తప్పు, రెండూ ఒకేసారి! కొలత మొదలుపెట్టే కమాండ్‌లో ఒక్క అక్షరం తప్పినా ఇలా రావచ్చు. కొలత మొదలే కాలేదు, పెండింగ్ పని ఏమీ లేదు, అందుకే *ఓపీసీ వెంటనే 'పూర్తి' అనేస్తుంది. అందుకే 1 ఉందా అని మాత్రమే చూసే ప్రోగ్రామ్‌ను నేను నమ్మను. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ రిజిస్టర్ ఒకసారి చదవగానే సున్నా అయిపోతుంది. విలువను వెంటనే వేరియబుల్‌లో దాచుకోండి.

తప్పు కనిపిస్తే సిస్టమ్ ఎర్రర్ క్వెరీని (SYST:ERR?) 0 వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడగండి. మైనస్ 113 అంటే పరికరానికి ఆ కమాండ్ తెలియదు, మైనస్ 222 అంటే ఇచ్చిన విలువ పరిధి దాటింది.

ల్యాన్‌లో 5025 పోర్ట్ ద్వారా నేరుగా సాకెట్ తెరిస్తే సాధారణంగా సీరియల్ పోల్ ఉండదు. అక్కడ *ఓపీసీకి ప్రశ్న రూపమైన *ఓపీసీ? (*OPC?) వాడొచ్చు. కానీ పని అయ్యేదాకా అది జవాబివ్వదు కనుక టైమౌట్‌ను కొలతకు పట్టే సమయం కంటే ఎక్కువగా పెట్టుకోండి. పరికరాలతో మాట్లాడేందుకు ప్రోగ్రామ్‌లు వాడే వీసా (VISA) లైబ్రరీలో మామూలుగా ఉండే 2000 మిల్లీసెకన్ల టైమౌట్ పెద్ద స్వీప్‌కు (వరుసగా చాలా బిందువుల వద్ద తీసే కొలతకు) చాలదు.