అపార్ట్‌మెంట్ సంపు కడిగించే ముందు ఇది చూడండి

రైవాడ రిజర్వాయర్ నుంచి వచ్చినా, మేహాద్రిగెడ్డ రిజర్వాయర్ నుంచి వచ్చినా కుళాయి నీళ్లు చాలాసార్లు చెడేది మన గేటు లోపలికి వచ్చాకే. వైజాగ్‌లో పాత అపార్ట్‌మెంట్లు చూడండి, పార్కింగ్ కింద ఓ మూల సంపు, నాలుగడుగుల అవతల సెప్టిక్ ట్యాంకు. రెండింటి గోడలూ బీటలిస్తే వానాకాలంలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే కడిగించడానికి ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. పడుకునే ముందు పై ట్యాంకు నింపేసి, కుళాయి వాల్వు, మోటారు రెండూ కట్టేసి, సంపులోకి ఓ పొడుగు కర్ర అడుగు తగిలేదాకా దించి తడిసినచోట గీత పెట్టండి. పొద్దున్నే ఎవరూ మోటారు వేయకముందే మళ్లీ దించండి. గీత కంటే తగ్గితే సంపు కారుతోంది, నీళ్లు వృథా. పెరిగితే మాత్రం టెన్షన్ పడాల్సిందే, బయట నేలలోని నీరు లోపలికి వస్తోంది. మేస్త్రీని పిలిచి బీటలు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యేదాకా తాగే నీళ్లు తెర్లబెట్టుకోండి. ఆ నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని నమ్మకండి.

కడిగేటప్పుడు మూత తీసి బాగా గాలి ఆడనిచ్చాకే దిగాలి, పైన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. సబ్బు వద్దు, గట్టి బ్రష్‌తో గోడల పాచి, అడుగున ఒండ్రు తీయించి ఆ నీళ్లు పూర్తిగా తోడేయాలి.

నింపాక బ్లీచింగ్. వాచ్‌మేన్ గుప్పెడు తీసి విసిరేస్తాడే, అలా కాదు. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి సుమారు 2.5 గ్రాములు, అంటే పదివేల లీటర్ల సంపుకి 25 గ్రాములు చాలు. ముందు కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, ఆపైన బకెట్ నింపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. గంట ఆగి మోటారు వేయండి. టెస్ట్ కిట్ ఉంటే చివరి ఫ్లాట్ కుళాయి దగ్గర చూడండి, లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి. మూత వదిలేసి ఎండలో ఉంచిన పౌడర్‌తో ఇవేవీ జరగవు.

ఇక సెప్టిక్ ట్యాంకు. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి, పొంగేదాకా ఆగకూడదు. మురికిని లాగేసే పైపు లారీనే పిలవండి, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, పైగా లోపలి వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఆ లారీ సరుకుని ఎక్కడ పోస్తుందో కూడా అడగండి, పక్క గెడ్డలో (వాగులో) పోస్తే అది తిన్నగా సముద్రంలోకే. బాత్రూముల్లో యాసిడ్ తెగ పోసేవాళ్లకి ఓ మాట: ఆ ట్యాంకులో మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దాంతో చచ్చిపోతాయి, ట్యాంకు ముందే నిండుతుంది.